బలపరిచే గొంతు

నాయకత్వ సదస్సు అనగానే వేదిక, మైకు, చప్పట్లు గుర్తొస్తాయి. అమెరికాలో కాలేజీ ఫ్రెటర్నిటీ (మగపిల్లల సంఘం), సొరోరిటీ (ఆడపిల్లల సంఘం) సభ్యుల కోసం జరిగే సదస్సుల్లో ఇవన్నీ దండిగానే ఉంటాయి. హోటల్ బాల్‌రూమ్ నిండా గ్రీకు అక్షరాలు కుట్టిన చొక్కాలు. ఒక మూల నుంచి ఒక సంఘం కేక వేస్తే ఇంకో మూల నుంచి జవాబు కేక. ప్రధాన వక్త రాగానే హాలంతా లేచి నిలబడుతుంది. చూడటానికి ఉత్సాహంగానే ఉంటుంది. అయితే అంతవరకే చూసి వెళ్లినవాళ్లకు సదస్సు పనితనం కనిపించదు. అది చూడాలంటే బాల్‌రూమ్ వదిలి, పై అంతస్తులో కిటికీలు లేని చిన్న గదుల్లోకి వెళ్లాలి. అక్కడ పది పన్నెండు మంది పిల్లలు బల్లలేవీ లేకుండా గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. వాళ్లలో ఒకరిలా, చర్చ నడిపే ఫెసిలిటేటర్ ఒకరు ఉంటారు. ఒక్క పూటలో ఆ గదిలో జరిగే పనిని ఎంత ముందుచూపుతో అమర్చారో గమనించిన కొద్దీ, దాన్ని తయారు చేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతూ వచ్చింది.

నేనొక చాప్టర్‌కు సలహాదారుని. చాప్టర్ అంటే ఒక సంఘానికి ఒక కాలేజీలో ఉండే శాఖ. సలహాదారులకు సదస్సులో వేరే కార్యక్రమం ఉంటుంది. ఫెసిలిటేటర్ ఒప్పుకుంటే మాత్రం చిన్న గదిలో గోడ పక్కన కూర్చోవచ్చు, నోరు విప్పకూడదన్న షరతు మీద. మాట్లాడే పని లేకపోవడంతో నా ధ్యాసంతా ఆ పూట ఎలా అల్లారన్న దాని మీదే నిలిచింది.

ఈ సంఘాల చరిత్ర తెలియనివారికి కొంచెం చెప్పాలి. గ్రీకు అక్షరాలతో విద్యార్థి సంఘానికి పేరు పెట్టుకోవడం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కాపాతో మొదలైంది. తర్వాతి శతాబ్దంలో మగపిల్లల ఫ్రెటర్నిటీలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆడపిల్లలు తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. జార్జియాలోని మేకన్‌లో 1851లో మొదలైన అడెల్ఫియన్ సొసైటీయే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. నల్లజాతి విద్యార్థులను శ్వేతజాతి సంఘాలు రానివ్వని రోజుల్లో 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవర్డ్‌లో ఆల్ఫా కాపా ఆల్ఫా పుట్టాయి. వీటన్నిటికీ పై సమాఖ్యలు ఉన్నాయి: ఆడపిల్లల సంఘాలకు 1902 నుంచి, మగపిల్లల సంఘాలకు 1909 నుంచి, నల్లజాతి సంఘాలకు 1930 నుంచి. ఈ సంఘాల్లో చాలావాటి జాతీయ కార్యాలయాలు ఇండియానాపోలిస్‌లోనూ దాని చుట్టుపక్కలా ఉన్నాయి. అందువల్ల ఇలాంటి సమావేశాలకు ఆ ఊరు పుట్టిల్లయింది.

మన పిల్లల సంగతికొస్తే, దక్షిణాసియా కుటుంబాల పిల్లలు 1990లలో తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. 1994లో బింగమ్‌టన్‌లో ఐయోటా ను డెల్టా, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, అదే ఏడు హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ పేర్లు కొత్త కాదు. వాళ్ల అమ్మానాన్నలకు మాత్రం చాలామందికి కొత్తే.

ఇక ఆ చిన్న గదికి వద్దాం. అందులోని ప్రతి అమరికా దేనికోసమో తెలియాలంటే ముందు ఒక రాత్రి గురించి తెలియాలి. 2017 ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఫ్రెటర్నిటీ ఇంట్లో, కొత్త సభ్యుల చేత విపరీతంగా తాగించిన రాత్రి, టిమోతీ పియాజా అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు సెల్లార్ మెట్ల మీద నుంచి పడ్డాడు. అతన్ని సోఫా మీదికి చేర్చారు. వెల్లకిలా తిరగకుండా, వాంతి గొంతుకు అడ్డుపడకుండా ఉంటుందని వీపుకు బరువైన బ్యాగ్ తగిలించారు. పడినప్పటి నుంచి ఎవరైనా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసేసరికి దాదాపు 12 గంటలైంది. రెండు రోజులకు అతను చనిపోయాడు. ఇంట్లో ఉన్న కెమెరాల్లో అదంతా రికార్డయింది. ఆ తర్వాత పెన్సిల్వేనియా అతని పేరిట హేజింగ్‌కు, అంటే కొత్త సభ్యులను వేధించడానికి, వ్యతిరేకంగా చట్టం చేసింది. 2024 డిసెంబరులో దేశం మొత్తానికీ హేజింగ్ మీద ఒక చట్టం వచ్చింది. హేజింగ్ ఘటనల లెక్కలను కాలేజీలు ఇక బయటపెట్టి తీరాలి.

ఆ రాత్రి గురించి కోర్టులో బయటపడిన ఒక సంగతి నన్ను వదలదు. అప్పటికి కొద్దికాలం కిందటే చేరిన ఒక సభ్యుడు ఆ కుర్రాణ్ణి చూసి, ఇతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలని అన్నాడు. పక్కవాళ్లు అతన్ని గోడకేసి నెట్టారు. అంతా మా అదుపులోనే ఉంది, నువ్వు వెళ్లమన్నారు. అంటే ఆ ఇంట్లో మంచి మాట చెప్పినవాడు ఒకడున్నాడు. ఆ మాటకు వంత పలికిన రెండోవాడు లేడు.

నాయకుడంటే ముందుగా నోరు తెరిచేవాడని మనందరి అభిప్రాయం. శిక్షణలన్నీ ఆ మొదటి గొంతును తయారు చెయ్యడానికే చూస్తాయి. నేను చూసిన గది రెండో గొంతును తయారు చేస్తుంది. ఈ సదస్సు చేసే పనులన్నిటిలో అదే గొప్పదని నా నమ్మకం.

దీనికి శాస్త్రం కూడా ఉంది. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవులు పోల్చమని ఒక చిన్న పరీక్ష పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అతని మనుషులే. వాళ్లంతా కూడబలుక్కుని తప్పు చెబితే, పరీక్షకు వచ్చిన మనిషి కళ్లముందు కనిపిస్తున్న నిజాన్ని కాదని మూడింట ఒక వంతు సార్లు వాళ్లతో కలిసి తప్పే చెప్పాడు. గుంపులో ఒక్కడంటే ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. 1968లో లాటనే, డార్లీ అనే ఇద్దరు ఒక గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికి వెళ్లి చెప్పారు. చలించకుండా కూర్చున్న ఇద్దరి పక్కన కూర్చోబెడితే ఆ సంఖ్య 10 శాతానికి దిగింది. మెదలకుండా ఉన్న పక్కమనిషిని చూసి, పొగను కూడా పొగ కాదనుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఇవి చదివినవాళ్లు చాలామంది ఉంటారు. ఒక మధ్యాహ్నంలో పందొమ్మిదేళ్ల పిల్లల నోటికి అలవాటయ్యేలా దీన్ని మలచడం వేరే నైపుణ్యం.

ఆ నైపుణ్యం జాబితాతోనే మొదలవుతుంది. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరిని ఒక గుంపులో వెయ్యరు. భవంతిలాంటి ఇల్లున్న పాత ఫ్రెటర్నిటీ ప్రెసిడెంట్ పక్కన, ఇల్లే లేకుండా లైబ్రరీ గదిలో మీటింగులు పెట్టుకునే పదిమంది సంఘం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంటుంది. సొంత కాలేజీలో ప్రతివాడికీ నిలబెట్టుకోవాల్సిన పేరొకటి ఉంటుంది. ఒకడు నవ్వించేవాడు, ఒకడు దేనికీ భయపడనివాడు. ఈ గదిలో ఆ పేర్లేవీ ఎవరికీ తెలియవు. ప్రతి విరామం తర్వాతా ఫెసిలిటేటర్ వేరే కుర్చీలో కూర్చుంటుంది. దీన్ని నేను ఆలస్యంగా గమనించాను. ఆమె ఒకేచోట కూర్చుంటే వలయానికి తల ఏర్పడుతుంది, అందరూ అటే చూసి మాట్లాడతారు. చోటు మారేసరికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడటం మొదలుపెట్టారు.

మొదటి ప్రశ్న ఇది: "మీ చాప్టర్‌లో అందరికీ తెలిసిన, ఎక్కడా రాసిలేని నియమం ఒకటి చెప్పండి." ఈ ప్రశ్న రాసినవారికి నేను దణ్ణం పెడతాను. మీ దగ్గర హేజింగ్ జరుగుతుందా అని అడిగితే గదిలో ఒక్కరూ అవుననరు. రాసిలేని నియమం అడిగితే అందరి దగ్గరా ఒకటుంది. ముందు కార్డు మీద రాయమంటారు, తర్వాత పక్కవారితో చెప్పుకోమంటారు, ఆపైనే అందరికీ. మేరీలాండ్‌లో ఫ్రాంక్ లైమన్ 1981లో తరగతి గదుల కోసం చెప్పిన పద్ధతి ఇది. గుంపు ముందు నోరు తెరిచేసరికి ఆ మాట అప్పటికే ఒక మనిషికి చెప్పి ఉంటారు, సగం భయం పోయి ఉంటుంది. "కొత్తవాళ్లు వంటింటి తలుపు నుంచే రావాలి." "సీనియర్ పిలిస్తే ఏ రాత్రైనా కారు తీసుకెళ్లాలి." "ఈ ఇంట్లో సంగతి ఈ ఇంట్లోనే." చివరి మాట ముగ్గురు రాశారు, మూడు వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు.

ప్రశ్న వేశాక ఆమె ఊరుకునేది. ఆ ఊరుకోవడం చూడాలి. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని మేరీ బడ్ రో 1970ల్లో కొలిచి చెప్పింది. ఈ ఫెసిలిటేటర్ మూడు సెకన్లు దాటి పది దాకా ఆగేది. కాగితాలు సర్దుకునేది కాదు, గడియారం చూసేది కాదు. ఆ మౌనం భరించలేక మాట్లాడినవాళ్ల మాటలే ఆ రోజు అన్నిటికంటే నిజమైనవి.

పోచంపల్లిలో నూలును మగ్గం ఎక్కించకముందే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు దానంతటదే పువ్వు తేలినట్టు కనిపిస్తుంది గానీ, ఆ పువ్వు కట్ల దగ్గరే నిర్ణయమైపోయింది. ఈ గదిలో పిల్లలకు అప్పటికప్పుడు తట్టినట్టుండే మాటల వెనుక ఉన్నదీ అలాంటి ముందస్తు పనే. ఆ కట్లు ఎక్కడ కట్టారో మధ్యాహ్నం నాటకంలో బాగా కనిపించింది.

నాటకం చిన్నది. రాత్రి ఒంటిగంట. కొత్తగా చేరిన కుర్రాడు సోఫా మీద పడి ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. గదిలో ఐదుగురున్నారు. నటించేవాళ్లకు తలా ఒక చీటీ ఇస్తారు. ఒకరిది రెండోవారికి చూపించకూడదు. ప్రెసిడెంట్ చీటీలో "పోలీసులొస్తే చాప్టర్ మూతపడుతుందని నీ భయం" అని ఉంటుంది. ఇంకొకరికి "ఇలాంటివి నువ్వు చాలా చూశావు, పడుకుంటే తగ్గిపోతుందని నీ నమ్మకం." ఇద్దరికి "నీకేం చెయ్యాలో తెలియదు, అందరినీ చూస్తూ ఉండు." ఒక అమ్మాయికి "నీకు భయంగా ఉంది. ఫోన్ చేద్దామని ఒక్కసారే అను. కాదంటే ఊరుకో."

ఒక్కసారే అన్న ఆ షరతులో ఉంది పనితనమంతా. మంచి మాట చెప్పిన మనిషి పట్టువదలకుండా వాదిస్తే కథ ఆమె ధైర్యం గురించి అవుతుంది, మిగతావాళ్లు చూసి చప్పట్లు కొడతారు. ఒక్కసారే అని ఊరుకుంటే, ఇంకెవరైనా అందుకోకపోతే ఆ మాట చచ్చిపోతుంది. చచ్చిపోయింది కూడా. "ఫోన్ చేద్దామా?" అంది ఆ అమ్మాయి. "ఏం కాదులే, పొద్దున్నకి లేస్తాడు," అన్నాడు ప్రెసిడెంట్. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఫెసిలిటేటర్ నాటకాన్ని ఆపలేదు. అలా వదిలేసింది. కాసేపటికి నటిస్తున్నవాళ్లు ఆటల గురించి ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అలా మాట్లాడమని వాళ్లకు ఏ చీటీలోనూ రాసి ఇవ్వలేదు.

అప్పుడు అడిగింది: "ఎవరి మాటతో ఫోన్ ఆగిపోయింది?" అన్ని వేళ్లూ ప్రెసిడెంట్ వైపు తిరిగాయి. సరేనని ఆ ముక్కను మళ్లీ ఆడించింది. ఈసారి ఇంకో ప్రశ్న: "ఆమె అడగడానికీ అతను జవాబివ్వడానికీ మధ్య ఎంత సమయం ఉంది?" రెండు సెకన్లు అన్నారెవరో. "ఆ రెండు సెకన్లు ఎవరివి?" అందరి చూపూ మెల్లగా మాట్లాడని ఆ ఇద్దరి వైపు మళ్లింది.

తర్వాతి భాగానికి మూలం బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోవాల్ ఫోరమ్ థియేటర్. చూస్తున్నవాళ్లు నాటకాన్ని ఆపి, పాత్ర స్థానంలోకి వచ్చి, కథను వేరే దారి పట్టించవచ్చు. ఇక్కడ దానికి ఒక నిబంధన జోడించారు. ప్రెసిడెంట్‌ను మార్చకూడదు, మొదట మాట్లాడిన అమ్మాయిని మార్చకూడదు. మాట్లాడని ఆ ఇద్దరి స్థానంలోకే రావాలి. అంటే కొత్త వీరుణ్ణి తీసుకురావడానికి వీల్లేదు. ఉన్న మాటను నిలబెట్టడమే పని.

మొదట వచ్చిన కుర్రాడు ప్రెసిడెంట్‌ను దులిపేశాడు. నువ్వెలాంటి నాయకుడివి, నీకు మనసుందా అన్నాడు. ప్రెసిడెంట్ ఎదురు తిరిగాడు, గొడవ పెరిగింది. రెండు నిమిషాలకు ఫెసిలిటేటర్ ఒక్క మాట అంది: "సోఫా మీద అతను ఎలా ఉన్నాడు?" ఎవరూ అటు చూడనే లేదు. రెండోసారి వచ్చిన అమ్మాయి "నాకూ అలాగే అనిపిస్తోంది" అంది. మేలే, ఇద్దరయ్యారు. అయినా పని జరగలేదు. మూడోసారి వచ్చింది మిషిగన్ నుంచి వచ్చిన, పొద్దుట్నుంచీ పెద్దగా మాట్లాడని ఒక కుర్రాడు. అతనన్నది మూడు చిన్న మాటలు: "తను చెప్పింది నిజం. నేను ఫోన్ చేస్తున్నా. నువ్వు బయటి తలుపు తీసి ఉంచు."

ఈ మూడు మాటలను వలయమంతా చాలాసేపు విడదీసి చూసింది. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. మొదటి మాట ఆ అమ్మాయిని ఒంటరిగా వదలలేదు. రెండోది అనుమతి అడగలేదు, అడిగితే కాదనడానికి చోటిచ్చినట్టే. మూడోది ఒక మనిషికి ఒక పని అప్పజెప్పింది. నలుగురున్నచోట పని అందరిదీ అయితే ఎవరిదీ కాదని లాటనే, డార్లీ చూపించిన చిక్కుముడి ఆ మాటతో విడిపోయింది. పైగా తలుపు తెరవమన్నది ప్రెసిడెంట్‌నే. అతన్ని తప్పుపట్టకుండా, ఓడించకుండా, తమవైపు కలుపుకున్నాడు. మాటకు ఇంతకన్నా పొదుపు ఉంటుందనుకోను. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ లేచి నిలబడి, తమ మాటల్లో, పెద్దగా, ఆ మూడు పనులూ చేసే వాక్యాలు చెప్పాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. గొంతుకు అలవాటు కావాలి. ఒకమ్మాయి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి గానీ వణుకు పోలేదు.

వైద్యం సంగతి పది నిమిషాల్లో ముగించారు. అది చాలు. లేపినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు, శ్వాసకు శ్వాసకు మధ్య పది సెకన్ల విరామం, చల్లబడి నీలం తిరిగిన చర్మం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 911. తాగడం ఆపేశాక కూడా రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి "పడుకుంటే తగ్గుతుంది" అన్న మాటే తప్పు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వదిలి వెళ్లకండి. ఇరవై ఒక్క ఏళ్ల లోపువారు తాగడం ఆ దేశంలో నేరం కావడంతో ఫోన్ చెయ్యడానికి భయపడతారు. సాయం కోసం పిలిచినవారిని ఆ నేరం నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, ఇండియానాలో 2012 నుంచి ఉంది. ఆ చట్టం గురించి వినగానే ఇద్దరు ముగ్గురు తమ రాష్ట్రంలో ఉందో లేదో అప్పటికప్పుడు ఫోన్‌లో వెతుక్కున్నారు.

మీటింగ్ ఎలా నడపాలన్న క్లాసు ఈ గదికి సంబంధం లేనిదిగా కనిపిస్తుంది. నేను మాత్రం దాన్ని దీని కొనసాగింపుగానే చూస్తాను. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరును 1863లో ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమన్నారు. ఆ సభ అతని చేతిలోంచి జారిపోయింది. ఆ అవమానం నుంచి పుట్టిన పుస్తకం 1876లో అచ్చయింది. అమెరికాలో విద్యార్థి సంఘం నుంచి కార్మిక సంఘం దాకా నేటికీ చాలా సభలు దాని ప్రకారమే నడుస్తాయి. అందులో తీర్మానం చర్చకు రావాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. బలపరిచేవారు దానితో ఏకీభవించనక్కర్లేదు. ఇది మాట్లాడుకోవలసిన సంగతేనని ఒప్పుకుంటే చాలు. మన సాహిత్య సభల్లో, సహకార సంఘాల మహాసభల్లో బలపరిచేవారి పేరు ముందే అనుకుని కాగితం మీద చదివేస్తుంటారు. దాన్ని లాంఛనంగా చూడటం మనకు అలవాటైంది. ఒంటరి మాటను ఒంటరిగా చావనివ్వకుండా చేసిన ఏర్పాటది. రాత్రి ఒంటిగంటకు సోఫా పక్కన జరగాల్సిందీ అదే.

సాయంత్రం స్టెప్ షో. నల్లజాతి ఫ్రెటర్నిటీ, సొరోరిటీలు పెంచి పోషించిన కళ ఇది. వాయిద్యం ఉండదు; పాదాలు, అరచేతులు, తొడలు, గొంతులే వాయిద్యం. దీన్ని ప్రపంచ వేదికల మీదికి తీసుకెళ్లిన స్టెప్ ఆఫ్రికా బృందం 1994లో మొదలైంది. ముందున్నవారు పిలుపు ఇస్తారు, వరస జవాబిస్తుంది. పిలిచిన అమ్మాయి గొంతు ఒకచోట బొంగురుపోయింది. వరసలో ఎవరూ ఆమె కోసం ఆగలేదు; తర్వాతి పిలుపు నాలుగో అమ్మాయి అందుకుంది, ఒక్క అడుగు కూడా తప్పలేదు. హాలులో చాలామందికి అది ముందే అనుకున్న మార్పులా కనిపించి ఉంటుంది.

భోజనాల దగ్గర హ్యూస్టన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా మెడలోని పేరు చీటీ చదివి, "ఆంటీ, మీరు తెలుగా?" అంది. ఆమెది దక్షిణాసియా సొరోరిటీ. అదే నాటకం వేరే గదిలో ఆడారట.

"మా అమ్మకి ఈ సోఫా సంగతి చెప్తే, రేపే సొరోరిటీ మానేయమంటుంది ఆంటీ."

"అయితే చెప్పవా?"

"చెప్తా. మా చెల్లి వచ్చే ఏడు కాలేజీకి వెళ్తోంది. దానికీ తెలియాలి కదా."

ఇలాంటి ఆపదలు మన పిల్లల దాకా రావనుకునే తల్లిదండ్రులకు నేను ఒకటి గుర్తుచేస్తుంటాను. 2013లో న్యూయార్క్ బరూక్ కాలేజీకి చెందిన ఒక ఆసియా అమెరికన్ ఫ్రెటర్నిటీ కొత్త సభ్యుడు పెన్సిల్వేనియా కొండల్లో జరిగిన హేజింగ్‌లో చనిపోయాడు. అక్కడ కూడా స్పృహలేని మనిషిని ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం జరిగింది. ఆ సంఘాన్ని పదేళ్లపాటు ఆ రాష్ట్రంలో అడుగుపెట్టకుండా కోర్టు నిషేధించింది.

మన దగ్గర ర్యాగింగ్‌కు వ్యతిరేకంగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే చట్టం చేసింది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం విద్యార్థీ తల్లిదండ్రులూ ఇద్దరూ హామీపత్రం రాసివ్వాలి. ఇవి అవసరమైనవి, విలువైనవి. వాటితో పాటు, హాస్టల్ గదిలో సీనియర్ ఒకణ్ణి నిలబెట్టి ఏడిపిస్తుంటే పక్క మంచం మీద కూర్చున్న సెకండియర్ కుర్రాడు ఏమనాలో ఒక్కసారైనా గొంతెత్తి అనిపించే గది కూడా మన కాలేజీల్లో ఉండాలని నేను బలంగా కోరుకుంటాను. దానికి ఖర్చు లేదు. పది కుర్చీలు, ఐదు చీటీలు, ఓపిగ్గా ఊరుకోవడం తెలిసిన ఒక మనిషి కావాలి.

సదస్సు నిర్వాహకులకు నాదొక విన్నపం. చాలా చాప్టర్లు డబ్బు తక్కువై ప్రెసిడెంట్‌ను ఒక్కణ్ణే పంపుతాయి. ఆ ఒక్కడూ ఎంత నేర్చుకుని వెళ్లినా, అక్కడ అతను మళ్లీ మొదటి గొంతే అవుతాడు. ఇద్దరిని పంపితే ఫీజు తగ్గించే పద్ధతి పెడితే, ఈ గదిలో చేసిన పని అక్కడా సాగుతుంది.

చివరి రోజు పొద్దున ఆ వలయం మళ్లీ కూడింది. ఏం జరిగింది, దానికి అర్థమేమిటి, ఇప్పుడేం చేద్దాం అన్నది 1970లో టెర్రీ బోర్టన్ అనే అధ్యాపకుడు కుదించి చెప్పిన క్రమం. మొదటి రెండూ అప్పటికే అయ్యాయి. మూడోదానికి ప్రతి ఒక్కరూ తమ చాప్టర్ మీటింగ్‌లో పెట్టే తీర్మానం ఒకటి రాయాలి. మిషిగన్ కుర్రాడు రాసింది ఇది: "మన ప్రతి పార్టీలోనూ తాగకుండా ఉండే సభ్యులు ఇద్దరుండాలి. ఎవరికైనా ప్రమాదమనిపిస్తే ప్రెసిడెంట్‌ను సంప్రదించి 911కు ఫోన్ చెయ్యాలి."

"ప్రెసిడెంటే తాగి ఉంటే?" అంది పక్కనున్న అమ్మాయి. అతను 'ప్రెసిడెంట్‌ను సంప్రదించి' అన్నది కొట్టేశాడు.

"ఇద్దరూ ఒప్పుకుంటేనే ఫోన్ చెయ్యాలా?" అన్నాడు ఇంకొకడు.

"ఎవరో ఒకరికి అనిపిస్తే చాలు. రెండోవాడు ఎందుకని అడక్కూడదు, తలుపు తియ్యాలి." అదీ చేర్చాడు.

కాగితం అడుగున రెండు గీతలున్నాయి, ప్రతిపాదించేవారు, బలపరిచేవారు. మొదటి గీత మీద అతని పేరుంది. రెండోది ఖాళీ. బయలుదేరేలోగా అదీ నింపమంది ఫెసిలిటేటర్. అతను నడవాలోకి వెళ్లి తన చాప్టర్‌లో ఎవరికో ఫోన్ చేశాడు. ఆదివారం మీటింగ్‌లో నేనొక తీర్మానం పెడుతున్నా, నువ్వు బలపరచాలి అన్నాడు. అవతలివాడు ముందు చదివి వినిపించమన్నట్టున్నాడు, మొత్తం చదివాడు. 'పార్టీలోనూ' అని ఎందుకు, మామూలు రాత్రుల సంగతేంటని అతను అడిగాడట. కుర్రాడు గోడకు కాగితం ఆనించి ఆ మాట దిద్దడం మొదలుపెట్టాడు.